కళ్ళజోడు తీస్తే మాట సరిగా వినిపించట్లేదు. ఇలా ఇంకెవరికైనా ఉందా?

నీలిగోరింట

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

నా వయసు 47. రెండేళ్ళుగా ఒక సంగతి గమనిస్తున్నాను. చెబితే వింతగా చూస్తారేమోనని ఎవరికీ చెప్పలేదు. రాత్రి పడుకునే ముందు కళ్ళజోడు తీసి పక్కన పెడతాను. ఆ తరవాత మా ఆయన ఏదన్నా చెబితే గొంతు వినిపిస్తుంది గానీ మాట అందదు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని "ఇప్పుడు చెప్పండి" అంటాను. అప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. అర్థమవుతుంది అనట్లేదు, నిజంగానే వినిపిస్తుంది. ఆయన గొంతు పెంచిందీ లేదు, ఫ్యాను ఆపిందీ లేదు.

పోయిన నెల పరీక్ష చేయించుకున్నాను. రెండు చెవుల్లోనూ పై స్థాయి శబ్దాలు, అంటే సన్నగా కీచుగా ఉండేవి, వినపడడం తగ్గిందన్నారు, హియరింగ్ ఎయిడ్ రాశారు. ఇంకా తీసుకోలేదు. పరీక్ష చేసినావిడ మొదటి నుంచి చివరిదాకా మాస్కు పెట్టుకునే మాట్లాడారు. కాస్త తీసి చెబుతారా అని అడగడానికి మొహమాటమేసి, సగం విని, తలూపి బయటికొచ్చేశాను. ఇంటికొచ్చి ఆ కాగితం ముందు పెట్టుకుంటే ఏడుపొచ్చింది.

నా ప్రశ్నలు రెండు. నాకు తెలియకుండానే నేను పెదవులు చూసి వింటున్నానా? అదే నిజమైతే, దాన్ని పద్ధతిగా నేర్చుకుని ఎయిడ్ లేకుండా నెట్టుకురావచ్చా?

గడియారం

మీరొక్కరే కాదండీ. మా నాన్నగారికి డెబ్బై దాటాక ఇదే పరిస్థితి. ఫోన్లో "ఆఁ, ఆఁ" తప్ప మాట్లాడరు, వీడియో కాల్లో అయితే గంట కూర్చుంటారు. మొదట్లో ఫోనంటే ఇష్టం లేదేమో అనుకున్నాం. ఒకసారి వీడియోలో నా ముఖం ఆగిపోయి గొంతు మాత్రం వస్తుంటే "వినపడట్లేదురా" అన్నారు. అప్పుడు తెలిసింది మాకు.

శ్రుతిపేటిక

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని, పదహారేళ్ళుగా ఇదే పని. ముందుగా, మాస్కుతోనే అంతా చెప్పి మిమ్మల్ని పంపేసినందుకు నాకు చాలా బాధగా ఉంది. వినికిడి తగ్గిందని వచ్చిన మనిషితో ముఖం దాచుకుని మాట్లాడకూడదు. మాస్కు పెదవుల్ని దాచడంతో ఆగదు, పై స్థాయి శబ్దాల్ని కూడా తగ్గించేస్తుంది. మామూలు సర్జికల్ మాస్కు 3, 4 డెసిబెల్స్ తగ్గిస్తే, ఎన్95 దాదాపు 12 దాకా తగ్గిస్తుంది. మీ చెవులు పోగొట్టుకున్నవి కూడా ఆ శబ్దాలే. మళ్ళీ వెళ్ళి, ముఖం కనిపించేలా కూర్చోమని చెప్పి, అన్నీ మొదటి నుంచి అడగండి.

మొదటి ప్రశ్నకి జవాబు అవును. మీరే కాదు, చెవులు చక్కగా ఉన్నవాళ్ళు కూడా చూసే వింటారు. 1954లో సంబీ, పొలాక్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచారు. చుట్టూ రొద పెరిగేకొద్దీ ముఖం చూడ్డం వల్ల వచ్చే లాభం పెరుగుతూ పోయింది. మాట్లాడేవాళ్ళ ముఖం కనిపిస్తే, రొదని 15 డెసిబెల్స్ దాకా తగ్గించినంత ఫలితం ఉంటుందని లెక్క.

"నిజంగానే వినిపిస్తుంది" అన్నారు చూడండి, అది భ్రమ కాదు. శబ్దం ఏమీ లేకుండా ఊరికే మాట్లాడే పెదవుల్ని చూస్తున్నప్పుడు కూడా మెదడులో వినికిడికి సంబంధించిన భాగం పనిచేస్తుందని 1997లో స్కానింగులో చూశారు.

ఇంతకీ మీ విషయంలో ఏం జరుగుతోందంటే, అచ్చులు బలమైన శబ్దాలు. వాటి బలమంతా కింది స్థాయిలో ఉంటుంది. "బ" అన్నప్పుడు గొంతు మోగడం, "మ", "న" అన్నప్పుడు గాలి ముక్కులోంచి రావడం, ఇవి కూడా కింది స్థాయిలోనే తెలిసిపోతాయి. మీకు ఇవన్నీ అందుతున్నాయి. అందుకే గొంతు వినిపిస్తోంది గానీ మాట అందట్లేదు అంటున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎంతోమంది మొదట చెప్పే వాక్యం అచ్చంగా ఇదే. ఆ హల్లు నోట్లో ఎక్కడ పుట్టింది, పెదవుల దగ్గరా, పళ్ళ దగ్గరా, లోపల అంగిట్లోనా అన్న ఆనవాలు మాత్రం పై స్థాయిలో చాలా నీరసంగా వస్తుంది. మీ చెవికి అందనిది అదే, కంటికి కనిపించేది కూడా అదే.

రెండో ప్రశ్నకి జవాబు, కుదరదు. ఎయిడ్ తీసుకోండి, ఆలస్యం చెయ్యకండి. కన్ను చేసేది సగం పనే.

రెండో_చెవి

శ్రుతిపేటిక గారు చివర రాసిన వాక్యాన్ని నేను గట్టిగా బలపరుస్తాను. నాలుగేళ్ళప్పుడు జ్వరమొచ్చి నా వినికిడి పోయింది. ఇప్పుడు ముప్ఫై ఏడు. ఇన్నేళ్ళూ పెదవులు చూసే గడిపాను, ఉద్యోగం కూడా అలాగే చేస్తున్నాను. కాబట్టి నా మాట నమ్మండి. లిప్ రీడింగ్ అంటే పుస్తకం చదివినట్టు పెదవుల్ని చదవడం అని అందరూ అనుకుంటారు. అలా ఉండదు.

ఇప్పుడే అద్దం ముందుకి వెళ్ళి, గొంతు బయటికి రానివ్వకుండా మూడు మాటలు అనండి: పాట, బాట, మాట. ఏం తేడా కనిపించింది? తరవాత అమ్మ, అప్ప, అబ్బ అనండి. ఇంట్లో ఎవరో పెదవులు మూసి తెరిచారంటే అది అమ్మనా, అబ్బనా అనేది నాకు వాళ్ళ ముఖంలో కోపమో విసుగో చూసి, వాళ్ళు ఎవరివైపు తిరిగారో చూసి తెలియాల్సిందే. ఇక కుడి, గుడి అనండి. ఇవి మరీ కష్టం. క, గల పనంతా నోటి వెనకే జరుగుతుంది, ఆ కదలిక బయటికి కనిపించదు. కల, కళ? అసలు అవకాశమే లేదు.

నేను చేసేది ఏంటంటే, కనిపించిన ముక్కలు పట్టుకుని కనిపించని వాటిని పూరించుకోవడం. గళ్ళనుడికట్టు నింపినట్టే. కాకపోతే ఒక వరస నింపేలోపు అవతలి మనిషి రెండో వాక్యంలోకి వెళ్ళిపోతారు. మీటింగ్ గంట దాటిందంటే నా తల దిమ్మెక్కిపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చి కళ్ళు మూసుకుని అరగంట పడుకుంటాను. చాలామంది దీన్ని బద్ధకం అనుకున్నారు, నాకు జీవితాంతం గుర్తుండిపోయే బాధల్లో అదొకటి.

అక్షరాభ్యాసి

భాషాశాస్త్రం చదువుతున్నాను. మీ ఇద్దరి పోస్టులూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. మీరు చెప్పిందంతా మన వర్ణమాలలోనే ఉంది!

చిన్నప్పుడు పలక మీద ఐదైదు అక్షరాల చొప్పున వరసలు దిద్దాం కదా. క వరస, చ వరస, ట వరస, త వరస, ప వరస. ఒక్కో వరసలో ఉన్న అక్షరాలన్నీ నోట్లో ఒకే చోట పుడతాయి. ప ఫ బ భ మ, ఐదూ పెదవులు మూసి తెరవడమే. వరసలో పక్కకి జరిగేకొద్దీ మారేది గొంతు మోగుతుందా, గాలి ఎక్కువగా వస్తుందా, ముక్కులోంచి వస్తుందా అన్నదే. అంటే కంటికి వరస కనిపిస్తుంది, వరసలో ఏ గడి అన్నది కనిపించదు. ఆ గడిని చెప్పాల్సింది చెవి. నీలిగోరింట గారికి చెవి ద్వారా గడి అందుతోంది, వరస తప్పిపోతోంది. కళ్ళజోడు పెట్టుకోగానే వరస దొరుకుతోంది. గొంతు ముక్కులోంచి వచ్చిందని చెవి చెప్పింది, పెదవులు మూసుకున్నాయని కన్ను చెప్పింది, రెండూ కలిస్తే "మ" తప్ప ఇంకోటి కాదు.

కంటికి అన్ని వరసలూ ఒకేలా అందవు. ప వరస అన్నిటికంటే స్పష్టం. త వరసలో నాలుక కొన పళ్ళకి తగలడం కాస్త కనిపిస్తుంది. చ వరసకి పళ్ళు దగ్గరపడి పెదవులు కొద్దిగా ముందుకొస్తాయి. ట వరసలో నాలుక వెనక్కి మడత పడుతుంది, కనిపించదు. క వరస గురించి రెండో_చెవి గారు చెప్పేశారు. ఇలా కంటికి ఒకేలా కనిపించే శబ్దాల గుంపుని వైజీమ్ అంటారు, 1968లో ఫిషర్ అనే పరిశోధకుడు పెట్టిన పేరు.

ఒక మంచి సంగతి కూడా ఉంది. ఒత్తులు కంటికి తెలుస్తాయి. "అబ్బ" అన్నప్పుడు పెదవులు మూసుకుని ఒక్క క్షణం ఆగుతాయి, అద్దంలో చూడండి. చెడ్డ సంగతి క్రియల చివర ఉంది. వచ్చాను, వచ్చాడు, వచ్చారు. ఎవరు వచ్చారో చెప్పే అక్షరం నోటి లోపలే ఉండిపోతుంది, పైన కనిపించేది మూడింట్లోనూ ఒకే ఉకారం.

నీలిగోరింట

అద్దం ముందు పావుగంట నిలబడ్డాను. పాట, బాట, మాట. పదిసార్లు అనుకున్నాను, తేడా లేదు. ఇన్నేళ్ళూ నా పెదవులు ఇలా ఉంటాయని నాకే తెలియదు.

అక్షరాభ్యాసి గారు క్రియల గురించి రాసింది చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది. మూడు నెలల కింద మా అమ్మాయి ఉద్యోగం మానేద్దామనుకుంది. నాకొక్కదానికే చెప్పింది. ఒక రాత్రి ఇద్దరం కార్లో వస్తున్నాం, తను నడుపుతోంది. "నాన్నకి చెప్పావా?" అని అడిగాను. దానికి తను ఇచ్చిన జవాబు నాకు "చెప్పాను" అని వినిపించింది. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు పొద్దున అందరం కూర్చున్నప్పుడు "మరి ఎప్పుడు మానేస్తున్నావు?" అని మామూలుగా అడిగేశాను. ఆయనకి అసలేమీ తెలియదు.

తను అన్నది "చెప్పను" అని.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. "నేను చెప్పనని అంత స్పష్టంగా అంటే నువ్వు కావాలని చేశావు" అంది. నేను కావాలని చెయ్యలేదని నమ్మించలేకపోయాను, ఎందుకంటే అప్పటికి నా చెవుల సంగతి నాకే తెలియదు.

రెండో_చెవి

నీలిగోరింట అక్కా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. "చెప్పను", "చెప్పాను" నన్ను కూడా ఎన్నోసార్లు దెబ్బతీశాయి. వెళ్ళను, వెళ్ళాను. తినను, తిన్నాను. అవునుకీ కాదుకీ మధ్య ఉన్నది ఒక దీర్ఘం, లేదంటే ఒక ఒత్తు.

వెలుతురులో, ఎదురుగా ఉండి ఉంటే మీకు తెలిసేది. కాదు అనేటప్పుడు మనిషి తల అడ్డంగా కదులుతుంది, ఒక్కోసారి కళ్ళు కూడా పక్కకి పోతాయి. నేను పెదవుల కంటే ముందు తలని చూస్తాను. మీ అమ్మాయి కారు నడుపుతూ రోడ్డు వైపు చూస్తోంది, చీకటి, ఇంజను రొద. ఆ మూడూ కలిస్తే నేనైనా అలాగే పొరబడతాను. ఈ పోస్టు తనకి చూపించండి.

అక్షరాభ్యాసి

తల కదలిక గురించి రెండో_చెవి గారు అన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. 2004లో ఒక ప్రయోగంలో, మాట్లాడే ముఖంలో తల సహజంగా కదులుతుంటే వినేవాళ్ళు ఎక్కువ అక్షరాలు సరిగ్గా పట్టుకున్నారు, తల కదలకుండా ఆపేస్తే తగ్గింది. తల, కనుబొమలు గొంతు ఎత్తుపల్లాలతో పాటే కదులుతాయి. అందుకే దీన్ని పెదవుల చదువు అనడం కంటే ముఖం చదవడం అంటే బాగుంటుంది. దవడ ఎంత కిందికి దిగింది, బుగ్గ ఉబ్బిందా, గొంతు దగ్గర కండరం కదిలిందా, అన్నీ పనికొస్తాయి. "చెప్పాను"లో "ప్పా" దగ్గర దవడ కాస్త ఎక్కువ దిగి, కాస్త ఎక్కువసేపు ఉంటుంది. ఉన్న ఆనవాలు అంతే.

గడియారం

నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఈ చర్చలో నాకు తెలిసిన ముక్క ఒకటుంది.

పెదవులకీ శబ్దానికీ పొత్తు కుదరకపోతే చూసేవాళ్ళు వెంటనే చిరాకు పడతారు. కానీ రెండు వైపులా ఒకేలా పడరు. శబ్దం పెదవుల కంటే ముందొస్తే 45 మిల్లీ సెకన్లకే దొరికిపోతుంది. వెనకబడితే 125 మిల్లీ సెకన్ల దాకా ఎవరూ పట్టించుకోరు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రసారాల కోసం ఇచ్చిన అంకెలివి. మొదట్లో ఈ తేడా ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. తరవాత ఆలోచిస్తే, లోకంలో ఎక్కడైనా శబ్దం వెనకబడే వస్తుంది కదా. 34 మీటర్ల దూరంలో మనిషి అరిస్తే పెదవులు వెంటనే కనిపిస్తాయి, గొంతు వచ్చేసరికి సెకనులో పదో వంతు పడుతుంది. పుట్టినప్పటి నుంచీ మెదడుకి అదే అలవాటు. శబ్దం ముందు రావడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

డబ్బింగ్ రాసేవాళ్ళు క్లోజప్ షాట్ వచ్చిందంటే పెదవులు మూసుకునే చోట ప, బ, మ ఉన్న మాట వెతుక్కుంటారు. మిగతా అక్షరాలు ఏవైనా సర్దుకుపోతాయి. అక్షరాభ్యాసి గారి వరసల సంగతి చదివాక ఇప్పుడు కారణం తెలిసింది.

నాన్నగారితో వీడియో కాల్ చేసేటప్పుడు నెట్ నెమ్మదిస్తే ముందు బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది, గొంతు బాగానే ఉంటుంది. ఆయనకి కావాల్సింది దానికి వ్యతిరేకం. ఇప్పుడు దీపం నా వెనక కాకుండా ముందు పెట్టుకుని మాట్లాడుతున్నాను.

వానచినుకు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా పాపకి ఎనిమిదో నెల. నేను మాట్లాడుతుంటే నా కళ్ళవైపు చూడకుండా నోటివైపే కన్నార్పకుండా చూస్తుంది. పోయిన నెలల్లో కళ్ళలోకి చూసేది. ఏదన్నా తేడానా అని టెన్షన్ పడుతున్నాను. ఈ చర్చ చూశాక ఇక్కడే అడుగుదామనిపించింది.

శ్రుతిపేటిక

కంగారేం లేదమ్మా. మీ పాప చక్కగా మాటలు నేర్చుకుంటోంది. నాలుగు నెలల పిల్లలు ఎక్కువగా కళ్ళు చూస్తారు, ఎనిమిది నెలలకి చూపు నోటి మీదికి దిగుతుంది, సరిగ్గా వాళ్ళు అత్తా తాతా అంటూ ముద్దుపలుకులు మొదలుపెట్టే రోజులవి. ఏడాది నిండే వేళకి, అలవాటైన భాష విన్నప్పుడు మళ్ళీ కళ్ళవైపు వెళ్తారు. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో ఇది స్పష్టంగా చూపించారు. ఇంకా చిన్నప్పుడే, నాలుగైదు నెలలకే, "ఆ" అనే ముఖమూ "ఈ" అనే ముఖమూ పక్కపక్కన చూపించి ఒక శబ్దం వినిపిస్తే, ఆ శబ్దానికి సరిపోయే ముఖాన్ని ఎక్కువసేపు చూస్తారని 1982లోనే తేలింది.

వినికిడి గురించి అనుమానం ఉంటే పరీక్ష చేయించడంలో తప్పులేదు. కానీ నోటివైపు చూడ్డం దానికి గుర్తు కాదు. మాట్లాడేటప్పుడు ముఖం పాపకి కనిపించేలా ఉంచండి చాలు.

వానచినుకు

చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు మనసు కుదుటపడింది.

అక్షరాభ్యాసి

కన్ను చెవిని ఎంత బలంగా లాగుతుందో చూడాలంటే మెగర్క్ ప్రయోగం చూడండి. వీడియోలు వెతికితే దొరుకుతాయి. 1976లో హ్యారీ మెగర్క్, జాన్ మెక్డొనాల్డ్ అనే ఇద్దరు ప్రకటించారు. తెర మీద మనిషి "గ, గ" అంటుంటాడు, దాని మీద "బ, బ" అనే శబ్దం అతికిస్తారు. చూసేవాళ్ళలో ఎక్కువమందికి వినిపించేది ఈ రెండూ కాదు, "డ, డ" లాంటి మూడో శబ్దం. కళ్ళు మూసుకుంటే "బ". తెరిస్తే మళ్ళీ "డ". కిటుకు తెలిసినా సరే మారదు. నేను కనీసం వందసార్లు చూసి ఉంటాను, ఇప్పటికీ "డ" అనే వినిపిస్తుంది. కొందరికి ఈ ప్రభావం అసలు ఉండదని తరవాతి ప్రయోగాల్లో తేలింది, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంది.

పెదవులు మూసుకోలేదని కన్ను గట్టిగా చెబుతోంది కాబట్టి మెదడు "బ"ని ఒప్పుకోదు. చెవి చెప్పిందీ పూర్తిగా వదిలెయ్యలేదు. రెంటికీ నడుమ సర్దుకుంటుంది. వరసలో చెప్పాలంటే, క వరసకీ ప వరసకీ మధ్య ఉన్న వరసలో వాలుతుంది.

కిటికీ_పక్క

మా బాబుకి మూడేళ్ళు. పుట్టుకతోనే వినికిడి లేదు. మేము సంప్రదించిన ఒకచోట, "సైగల భాష నేర్పకండి, నేర్పితే మాట్లాడడు, పెదవులు చూసే అలవాటు చెయ్యండి" అన్నారు. ఏడాదిగా అదే చేస్తున్నాం. నేను వాడి ఎదురుగా కూర్చుని రోజుకి రెండు గంటలు ఒక్కో మాటా చెబుతాను. వాడు నా నోటివైపు చూస్తాడు, విసిగిపోతాడు, పారిపోతాడు. వాడికి కావాల్సింది చెప్పలేక ఏడుస్తాడు, నాకు అర్థంకాక నేను ఏడుస్తాను. ఇక్కడ పెద్దవాళ్ళున్నారు కాబట్టి అడుగుతున్నాను. మేము చేస్తున్నది సరైనదేనా?

రెండో_చెవి

అండీ, నేను మీ బాబు తరఫున మాట్లాడుతున్నాననుకుని చదవండి.

నాకు నాలుగేళ్ళ దాకా వినికిడి ఉంది. అప్పటికే నాకు తెలుగు వచ్చు. "మాట" అనే మాట నా బుర్రలో ఉంది కాబట్టి పెదవులు మూసి తెరిచినప్పుడు అది పాటా, బాటా, మాటా అని వెతుక్కోగలను. గళ్ళనుడికట్టు నింపాలంటే ముందు భాష వచ్చి ఉండాలి కదా. మీ బాబు ఏ భాషా విననివాడు. వాడి ముందు ఖాళీ గళ్ళు పెట్టి, భాషని ఆ గళ్ళలోంచే నేర్చుకోమంటున్నారు. వాడు పారిపోతున్నాడంటే వాడి తప్పు కాదు, మీ తప్పూ కాదు. ఆ సలహా తప్పు.

ఈ సలహాకి పెద్ద చరిత్రే ఉంది. 1880లో మిలాన్ నగరంలో బధిర విద్య మీద మహాసభ జరిపి, బడుల్లో సైగల భాష వద్దు, నోటి మాటే నేర్పాలి అని తీర్మానం చేశారు. ఓటు వేసినవాళ్ళు దాదాపు అందరూ వినికిడి ఉన్నవాళ్ళే. ఆ తరవాత దశాబ్దాల తరబడి ఎన్నో దేశాల్లో పిల్లలు సైగ చేస్తే చేతులు కట్టేసిన బడులున్నాయి. 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే మహాసభ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి, జరిగిన హానికి విచారం తెలిపింది. అంటే 130 ఏళ్ళు పట్టింది.

నేను సైగల భాష ఇరవై రెండేళ్ళప్పుడు నేర్చుకున్నాను. మొదటిసారి నలుగురు మాట్లాడుకుంటుంటే ఊహించకుండా, తల నొప్పి లేకుండా, ప్రతి మాటా అందింది. ఆ రోజు రాత్రి నిద్రపట్టలేదు. బాబుకి సైగలు నేర్పండి, మీరూ నేర్చుకోండి. పెదవులు చూడ్డం వాడు ఎలాగూ నేర్చుకుంటాడు, దాని మీదే బతుకంతా నిలబెట్టకండి.

శ్రుతిపేటిక

రెండో_చెవి గారు అన్నదానితో ఏకీభవిస్తాను, ఒక్కటి కలుపుతాను. సైగల భాష నేర్పితే మాట రాదన్నది నిజం కాదు. ఏ రూపంలో అయినా సరే, చిన్నప్పుడే ఒక భాష పూర్తిగా అందడమే ముఖ్యం. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, పెట్టించే ఆలోచన ఉంటే ఆలస్యం చెయ్యకుండా కదలండి, వయసు చాలా ప్రభావం చూపిస్తుంది. పెట్టించినా సైగలు మానక్కర్లేదు.

ఇంకో దారి కూడా ఉంది. 1966లో ఆరిన్ కార్నెట్ అనే ఆయన క్యూడ్ స్పీచ్ అని ఒక పద్ధతి తయారుచేశారు. పెదవుల మీద ఒకేలా కనిపించే శబ్దాల్ని విడదియ్యడానికి మాట్లాడుతూ ముఖం దగ్గర చేత్తో గుర్తులు చూపిస్తారు. ప, బ, మలకి మూడు వేరు వేరు చేతి ఆకారాలు. అంటే చెవి చెప్పాల్సిన గడిని చెయ్యి చెబుతుంది. ఇది భాష కాదు, మాట్లాడే భాషని కంటికి పూర్తిగా చూపించే సాధనం.

కిటికీ_పక్క

ఇద్దరికీ దండం పెడుతున్నాను. మా ఆవిడకి చదివి వినిపించాను. రేపటి నుంచి ఆ రెండు గంటలూ ఆపేస్తున్నాం. సైగలు నేర్పేవాళ్ళ కోసం వెతుకుతాం.

కొత్తచిగురు

ఇంత చర్చ జరుగుతోంది గానీ, ఇప్పుడు ఏఐ పెదవులు చదివేస్తోందంటున్నారు కదా? ఫోను ఎదుట పెట్టుకుంటే పని అయిపోతుందేమో?

అక్షరాభ్యాసి

అంత దూరం ఇంకా రాలేదు. 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు చేసిన లిప్‌నెట్ అనే పెదవులు చదివే ప్రోగ్రాం 95 శాతం దాటి సరిగ్గా చెప్పిందని పెద్ద వార్త వచ్చింది. కానీ అది చదివిన వాక్యాలన్నీ ఒకే మూసలో ఉన్న ఆరేసి మాటల వాక్యాలు, మొత్తం 51 మాటలే. అదే ఏడాది వచ్చిన ఇంకో వ్యవస్థ బీబీసీ కార్యక్రమాల మీద సగం కంటే కొంచెం తక్కువ మాటలు పట్టుకుంది. అదే వీడియోల మీద అనుభవమున్న మనిషి ఎనిమిదింట ఒక మాట మాత్రమే పట్టుకోగలిగాడు. ఈ చివరి అంకెని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎదురుగా లేని మనిషిని, సందర్భం తెలియకుండా, శబ్దం లేకుండా చూస్తే నిపుణుడికైనా అందేది అంతే.

2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ ఇటలీ ఆటగాడు మాటెరాజీని తలతో కొట్టినప్పుడు కూడా ఇదే జరిగింది. మాటెరాజీ ఏమన్నాడో చెప్పమని పత్రికలు పెదవులు చదివేవాళ్ళని పిలిస్తే తలా ఒకటి చెప్పారు. వాటిని నమ్మి అచ్చేసిన కొన్ని బ్రిటిష్ పత్రికలు తరవాత మాటెరాజీకి నష్టపరిహారం కట్టాయి. ఎవరి మీదన్నా నేరం మోపడానికి పెదవుల్ని సాక్ష్యంగా తేవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. రోజూ మాట్లాడుకోవడానికి అయితే ఫోన్లో శబ్దాన్ని అక్షరాలుగా చూపించే యాప్‌లు ఇప్పటికే బాగా పనికొస్తున్నాయి.

రెండో_చెవి

నీలిగోరింట అక్కా, మీరు మొదట అడిగిన దానికి నేను ఇంకా సరిగ్గా జవాబు చెప్పలేదు. నాకు పనికొచ్చినవి రాస్తున్నాను.

కూర్చునే చోటు మీరే ఎంచుకోండి. కిటికీ మీ వెనక ఉండాలి, వెలుతురు అవతలి వాళ్ళ ముఖం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషి ముఖం నల్లగా నీడలా కనిపిస్తుంది, అందులో ఏమీ దొరకదు. దూరం ఒకటి, రెండు మీటర్లు చాలు.

గట్టిగా అరవద్దని చెప్పండి. అరిస్తే నోరు వంకర పోతుంది, నేర్చుకున్న ఆకారాలన్నీ మారిపోతాయి. ఒక్కో అక్షరం సాగదీసినా అంతే. మామూలుగా, కాస్త నిదానంగా చాలు.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇది. "ఏంటీ?" అని అడగడం మానేశాను. అలా అడిగితే వాళ్ళు అదే వాక్యం అదే వేగంతో మళ్ళీ అంటారు, మూడోసారికి "ఏం లేదులే" అంటారు. ఆ "ఏం లేదులే" ఎంత గుచ్చుకుంటుందో ఇక్కడున్న కొందరికి తెలుసు. ఇప్పుడు నాకు దొరికిన ముక్క చెప్పి దొరకనిది అడుగుతాను. "శుక్రవారం అన్నారు, ఎన్నింటికి?" అని. అప్పుడు వాళ్ళు ఒక్క మాటే చెబుతారు, అది ఏ రకం మాటో నాకు ముందే తెలుసు. అయినా అందకపోతే వేరే మాటల్లో చెప్పమంటాను. పేర్లు, అంకెలు రాసి చూపించమంటాను, వాటిని ఊహించడానికి సందర్భం సాయం చెయ్యదు.

విషయం మార్చేటప్పుడు ముందుగా ఒక్క మాట చెప్పమనండి. "ఉద్యోగం సంగతి" అంటే చాలు, నా బుర్ర ఆ మాటల గుంపుని దగ్గర పెట్టుకుంటుంది.

మాస్కు తియ్యమని అడగండి. మొదటి పదిసార్లు గొంతు వణుకుతుంది. తరవాత అలవాటవుతుంది.

గడియారం

"దొరికిన ముక్క చెప్పి దొరకనిది అడగడం" నాన్నగారికి కాగితం మీద రాసి ఇచ్చాను. జేబులో పెట్టుకున్నారు.

నీలిగోరింట

ఆరు వారాల తరవాత రాస్తున్నాను.

మళ్ళీ పరీక్షకి వెళ్ళాను. లోపలికి వెళ్ళగానే "నాకు మీ ముఖం కనిపించాలి" అన్నాను. గొంతు వణికింది, మీరన్నట్టే. ఆవిడ వెంటనే మాస్కు తీసి, దూరంగా జరిగి కూర్చుని, అన్నీ రెండోసారి చెప్పారు. ఎయిడ్స్ పెట్టుకుని నాలుగు వారాలైంది. మొదటి వారం ప్లాస్టిక్ సంచి చప్పుడు కూడా భరించలేకపోయాను. ఇప్పుడు "స" వినిపిస్తోంది. అది అంత పదునుగా ఉంటుందని మర్చిపోయాను.

కానీ రొద ఉన్నచోట ఎయిడ్స్ ఉన్నా ముఖం చూడాల్సిందే. కళ్ళజోడు, ఎయిడ్స్ రెండూ ఉంటేనే పూర్తిగా అందుతోంది. ఏ ఒక్కటి తీసినా తేడా తెలుస్తోంది.

ఈ చర్చ మొత్తం మా అమ్మాయికి పంపాను. చదివి ఫోన్ చెయ్యలేదు, ఇంటికే వచ్చింది. ఎదురుగా కూర్చుని, గొంతు రానివ్వకుండా "చెప్పను" అంది, తరవాత "చెప్పాను" అంది, మళ్ళీ మళ్ళీ అంది, నేను పట్టుకోగలనేమో చూద్దామని. పదింట్లో ఆరు సరిగ్గా చెప్పాను. చివరికి తనే ఏడ్చేసింది. ఇప్పుడు కాదు అన్నప్పుడల్లా తల అడ్డంగా ఊపి మరీ అంటోంది.

నిన్న రాత్రి ఎయిడ్స్ తీసి డబ్బాలో పెట్టి, కళ్ళజోడు కూడా తీసేశాను. దీపం ఆర్పేశాం. మా ఆయన ఏదో చెప్పబోయి ఆగారు. లేచి దీపం వేసి, బల్ల మీది కళ్ళజోడు నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నారు. రేపు ఐదింటికి లేపమన్నారు.